కండెకు నీళ్లు

మొదాలు స్టీలు గిన్నెల పెట్టిన.
తాగే ముందు పంజా ముంచి చూస్తది అది,
నీళ్లు యాడ మొదలైతయో దాని కంటికి ఆనదట.
ముంచుడు, ఇదిలించుడు, అంచు పట్టి గుంజుడు,
ఖణేల్‌మని ఒక్క సప్పుడు,
కొత్తవాడ ఇంట్ల సగం అర్ర తడి.

సగం అర్ర అంటే మీకు సగం అర్రనే.
నాకు గుంట మగ్గం, మగ్గం మీద పడుగు,
గోడకు ఆనిచ్చిన ఎర్ర నూలు కట్టలు పదకొండు.
అడుగు కట్ట తాగింది ముందుగాల,
పిల్లి కంటె ముందుగాల.
ఎరుపు మెల్లగ నడుచుకుంట పోయి
తెల్ల నూలును అడగకుండనే ముట్టుకున్నది.

నేసినంక ఆ దర్రీని సేటు ఎండకు పట్టి చూసిండు.
"ఇదేంది సాంబలచ్చిమీ, గులాబీ మొగులు నేసినవా?"
దర్రీ వాపస్ ఇచ్చిండు, కూలి పట్టుకున్నడు.
పిల్లి తాగని నీళ్లకు ఇంత బిల్లు
మున్సిపాలిటోళ్లు గుడ వెయ్యరు.

రోహిణి కార్తె.
రేకుల మీద కాకి కాలు నిలవడతలేదు.
నీళ్లు పెట్టకుంట ఎట్లుంట?
కండె అని పేరు పెట్టినంక,
(సుట్టుకొని పంటది గనుక కండె)
పేరు పెట్టినంక ఇగ దాని దాహం నా మీదనే.

తలెల గిన్నె పెట్టిన. తలె నిండింది.
ఇటుకల నడుమ ఇరికిచ్చిన. ఇటుకలు తాగినయి.
కూల్‌డ్రింకు సీస కోసి పెడితె
ఆడుకునేదనుకొని నూకుకుంట నూకుకుంట
మగ్గం గుంటలకే తెచ్చింది, సక్కగ నా కాళ్ల మీదికి.
లోతు సెంబుల మూతే పెట్టలేదు.

నా చేతిల ఇనుప పంజా,
దాని కాలికి మెత్తటి పంజా.
ఇద్దరి పనీ కొట్టుడే.
నేను కొడితె పేక కూసుంటది,
అది కొడితె నేను లేస్త.

"మీసాలు అంచుకు తాకద్దు దానికి," అన్నది
పక్క గల్లీ షాహెదా, మూడు పిల్లుల మనిషి.
"వెడల్పుది గావాలె. బరువుది గావాలె.
తిండి పక్కన పెట్టకు, ఎందుకో తెల్వది, తాగయి."
ఇంత చెప్పి, గిలాసెడు చక్కెర అడిగి తీస్కపోయింది.

వెడల్పుది, బరువుది.
మెట్ల కింద అత్త రోలున్నది.
మిక్సీ వచ్చిన సంది దాని నోట్లె
బట్టల క్లిప్పులు, ఒక తాళం చెవి. తాళం లేదు.
నేను, మా ఓదెలు కలిసి దొర్లిచ్చినం.
గడప కాడ ఓదెలు కాలి వేలు మీద
ఒక్క గడియ ఆగింది రోలు.
అప్పుడన్న మాటలు ఇక్కడ రాయ.

కడిగిన, నీళ్లు పోసిన.
కండె వచ్చింది, వాసన చూసింది, తుమ్మింది.
నలభై ఏండ్ల పచ్చిమిరపకాయ రాయిలనే ఉన్నది.
అత్త పోయి తొమ్మిదేండ్లాయె,
ఆమె తొక్కు ఇంక పోలేదు.
ఉప్పుతోటి రుద్దిన, కొబ్బరి పీసుతోటి రుద్దిన,
రాత్రంత నీళ్లు నిలిపి పొద్దుగాల పారబోసిన.
ఐదో దినం నేనే నాలిక ఆనిచ్చి చూసిన.
రాయి రుచి. అంతే.
జర బాధైంది, ఎవ్వలికి చెప్పలే.

నిండ పొయ్యద్దు, రెండు వేళ్లు తక్కువ పొయ్యాలె.
ఇది షాహెదా చెప్పలే, తడిసి నేర్చుకున్న.
ఇప్పుడు పంజా ముంచుతది, ఇదిలిస్తది,
అంచు పట్టి గుంజుతది,
రోలు ఊకుంటది.
అంచు దాటిన రెండు సుక్కల కోసం
కింద మూడు మడతలేసి పరిచిన,
సేటు వాపస్ ఇచ్చిన దర్రీని.
ఎన్ని తాగినా ఆ గులాబీ మొగులు
ఇంక రంగు ఇడుస్తలేదు.

రాత్రి కరెంటు పోయి
పక్కింటి పవర్‌లూమ్ ఆగుతది సూడు,
అప్పుడు వినవడతది చీకట్ల,
లప్ లప్ లప్ అని.
నాడె సప్పుడు గాదు, పంజా సప్పుడు గాదు.
జర సేపు విని,
లేచి నేను గుడ గిన్ని నీళ్లు తాగి పంట.