తడికెల దొడ్డి

చీమకుర్తి క్వారీలో
నా పని ట్రాక్టరు తోలడం.
ట్రాక్టరు ఎనక రాయి ఉండదు.
రెండు చక్రాల మీద మడిచిన స్తంభం,
ఒక తెల్లపెట్టె, బ్యాటరీలు,
దుమ్ము తుడిస్తే తప్ప పనిచెయ్యని సోలారు పలకలు.
ఇంజనీరమ్మ సుహాసిని దానికేదో పొడుగు పేరు చెప్పింది.
మేం సిగ్నలు బండి అంటాం.

రాయి తీసేకొద్దీ గుంత జరుగుతుంది.
నిన్న దారి ఉన్నచోట ఇవాళ గాలి.
పాతిపెట్టిన టవరు ఊరికి సరిపోద్ది గానీ
రోజూ దిగిపోయే నేలకు చాలదు.
సైరను మోగకముందే బండిని ఎనక్కి లాగాలి,
పొగ తగ్గాక మళ్లీ ముందుకు.
నేను యాడ ఆపితే
ఆడిదాకే మాట.

మాకిచ్చిన సిమ్ముల మీద ఏ కంపెనీ పేరూ లేదు.
వాటికి తెలిసిన లోకం మేమే:
క్రేను మహబూబ్ సుభానీ, వైరు కోత మాల్యాద్రి,
డ్రిల్లు కాడ ఒరియా పిల్లోళ్లు,
మనిషి లేకుండా తిరిగే డంపరు ఒకటి.
మొదటిరోజు ఇంటికి కొట్టా.
మా ఆడమనిషి నంబరు
అసలు పుట్టనే లేదన్నట్టు
ఊరుకుంది.

మా నాయన గొర్రెలు కాసినోడు.
కోతలైన చేలల్లో మంద కట్టేవాడు,
రాత్రికో మడి.
తడికెలు నెత్తిన మోసుకుపోయి
దొడ్డి నిలబెట్టేవాడు.
తెల్లారి పీకితే
నేల మీద పెంట తప్ప
కంచె ఉన్న గుర్తే ఉండదు.
"కంచె నేలది కాదురా, జీవాలది" అనేవాడు.
గేరు మార్చేటప్పుడల్లా
అది వినిపిస్తది.

స్వాతికార్తె ముసురు. మాపటేళ.
టోపీకొక చుక్క చొప్పున తెర మీద
నలభై ఒకటి ఉండాలి.
నలభై.
ఇంజనీరమ్మ వేలుపెట్టి మళ్లీ లెక్కేసింది.
నాయన లెక్క తప్పితే
మందను తిట్టేవాడు కాదు,
లాంతరు తీసుకుని పక్కకు నడిచేవాడు.

బండి తగిలించా.
బురదలో ఒక చక్రం దిగబడింది.
పదడుగులు. ఇంకో ఐదు.
తూర్పు అంచుదాకా.
తెర మూలన చుక్క లేచింది,
పెట్టెలోంచి మాల్యాద్రి:
"వానకి రాయెనక నిలబడ్డా. టీ వచ్చిందా?"

ఎవరూ ఏం మాట్లాడలేదు కాసేపు.

వచ్చే నెల ఈ గుంత వదిలేస్తారంట.
బండిని రామతీర్థం పక్కకి లాగాలి.
ఇక్కడ నీళ్లు నిలుస్తయ్,
చక్రాల గాడి ఇంకో వానదాకా ఉంటదేమో.
నాయన ఉంటే అడిగేవాడు:
ఇన్నాళ్లు మంద కట్టారు గదా,
ఈ నేలలో
ఏం పండుద్దిరా?