జారితే వదిలెయ్యండి

కాకినాడలో వ్యానెక్కి
కోటిపల్లి రేవులో పంటెక్కి
ముక్తేశ్వరం ఒడ్డున దిగేసరికి
పెట్టె చుట్టూ కట్టిన అట్టముక్కలు గోదారి గాలికి మెత్తబడ్డాయి.
మూడొందల ఇరవై కేజీలండి, అన్నాడు డ్రైవరు
ఆవలిస్తూ.

మేం ఐదుగురం.
నేనూ, సత్తిపండూ, దైవాదీనం, ఇద్దరు కొత్త కుర్రాళ్లూ.
ధాన్యం బస్తా సంగతి వీపుకి తెలుసు.
భుజం వంపు చూసుకుని అదే కాస్త ఒదుగుతుంది.
ఇనుము ఒదగదు.
ఒదగాల్సింది మనమే.

ముందు ఇల్లు చూశాను, పెట్టెని కాదు.
గుమ్మం నాలుగు జానలు, పెట్టె మూడున్నర.
గడప మీద పసుపు ఇంకా ఆరలేదు.
"దీని మీద ఇనుము ఆనకూడదు నాయనా" అంది వరహాలమ్మగారు.
గడపకి అటూ ఇటూ ఇటుకలు పేర్చి
పైన తుమ్మచెక్క వేశాం.
పెట్టె తలుపు ఊడదీసి విడిగా గోడకి జేరేశాం,
తొంభై కేజీలు అక్కడే తగ్గింది.

గెల కోసేసిన అరటిబోదెలు దొడ్లో పడున్నాయి.
నాలుగు తెచ్చి వాకిట్లో పరిచాం.
పొర నలిగి నీరూరింది.
ఆ జారుడు మీద ఇనుము
పోటుకి లేచిన నావలా కదిలింది.

కదిలే ముందే చెప్పాను:
మాట నాదొక్కడిదే.
కింది వైపు ఎవడూ నిలబడొద్దు.
జారితే వదిలెయ్యండి.
పెట్టెకి సొట్టపడితే తీసేవాడున్నాడు, కాలికి లేడు.
దైవాదీనం తన ఎడం పాదం చూసుకున్నాడు.
మిల్లు మోటారు జారిన రోజున
రెండు వేళ్లు అక్కడే వదిలొచ్చాడు.
పడేదాన్ని పట్టుకోబోవడం
చేతులకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

"లోపలేముంది?"
అరుగు మీంచి మనవరాలు లాస్య, ఐదేళ్లుంటాయి.
ఏం లేదమ్మా, ఖాళీ.
"ఖాళీ ఇంత బరువుంటదా?"
సత్తిపండు పగలబడి నవ్వాడు.
వరహాలమ్మగారు నవ్వలేదు.

మజ్జిగ గ్లాసులిస్తూ చెప్పింది.
నూకరాజుగారు బ్యాంకు గార్డు చేసి దిగారు,
తుపాకీ మాత్రం దిగలేదు.
అటక మీద గోనెగుడ్డలో ఉండేది.
పోయిన నెల ఈ పిల్ల బస్తాల మీంచి ఎక్కి
"తాతా, నీ కర్ర" అని ఈడ్చుకొచ్చిందట.
"తూటా లేదులెద్దూ" అన్నారు ఆయన, ఇప్పుడు కూడా.
"లేదని నీకు తెలుసు. దానికి తెలుసా?"
దానికంటే పిల్లకో, తుపాకీకో
ఆవిడ చెప్పలేదు.
ఎలక్షన్లని అది స్టేషన్లో ఉంది.
అది తిరిగొచ్చేలోగా ఇది రావాలంది.

నడవలో గోనెపట్టాలు పరిచి
ఒక్కో జాన నెట్టాం.
పడగ్గది మూల, కింద దూలం ఉన్నచోట
చివరి అడుగులో పట్టా మడతపడింది.
పెట్టె ఒరిగింది.
కొత్త కుర్రాడి చెయ్యి ముందుకెళ్లింది.
వదిలెయ్రా, అని నా గొంతు
నాకే తెలీని చోటు నుంచి వచ్చింది.
వదిలేశాడు.
ఇల్లంతా ఒక్కసారి ఉలిక్కిపడింది.
దేవుడి పటం పక్కకి వాలింది.
టైలు పగిలింది.

వాడి వేళ్లు లెక్కపెట్టాను.
నా వెనకే వరహాలమ్మగారు కూడా లెక్కపెట్టింది
పైకే, ఒకటీ రెండూ అంటూ.
పది.

తలుపు బిగించాం, గోడకి నాలుగు బోల్టులేశాం.
రెండు తాళంచెవుల్లో ఒకటి
ఆవిడ పుస్తెల తాడు పిన్నీసుకి ఎక్కింది.
రెండోది ఎక్కడ దాచిందో
నూకరాజుగారికి కూడా తెలీదు.
పిల్ల తలుపుకి చెవి ఆనించి వింది.
"ఏం మాట్లాడట్లేదు" అంది.

మొత్తం కూలిలో
టైలుకని మూడొందలు పట్టుకున్నారు నూకరాజుగారు.
ఆయ్,
వదిలేశాను.