ఈ ఏటి పది

వల్పరాయిసోలో డిసెంబరంటే ఎండలు.
రేవు మీది పొగమంచు పదింటికల్లా విడిపోతుంది,
ఆపైన తగరపు గోడ మీద చెయ్యేస్తే చుర్రుమంటుంది.
కొండ లిఫ్టు పై గదిలో కూర్చుని
నేను మీట లాగుతుంటాను.
డెబ్బై ఎనిమిది సెకన్లు పైకి,
డెబ్బై ఎనిమిది కిందికి.
పాటకి రెండు ప్రయాణాలు, ఒక్కోసారి మూడు.
పొడుగు పాటలంటే అందుకే నాకు గౌరవం,
జనాన్ని దించి కొత్త జనాన్ని ఎక్కించుకున్నా
అవింకా అక్కడే ఉంటాయి.

ఏడాది చివర జాబితా రాస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా. అడిగినవాళ్ళు లేరు.
టికెట్ల చుట్ట వెనకవైపు, పెన్సిలుతో,
పది ఆల్బమ్‌లు. పదకొండు కాదు.
కిటికీ అద్దానికి లోపల్నించి అంటిస్తే
జనవరి నడిమికి ఎండకి వంకర్లు పోయి
దానంతటదే రాలిపోతుంది.

ఈసారి ఒకటో అంకె తేలిగ్గా తేలింది.
చిలొయే దీవిలో ఓ ముసలాయన, అకార్డియన్,
రేకుల కప్పు మీద వాన.
వాన చప్పుడు తీసెయ్యలేదు, రికార్డు చేసినవాళ్ళు చల్లగా ఉండాలి.
రెండోది బ్యూనస్ ఐరిస్ కుర్రాళ్ళది.
జులైలో తిట్టాను,
ఆగస్టులో పళ్ళు తోముకుంటూ కూనిరాగం తీశాను,
సెప్టెంబరులో ఓటమి ఒప్పుకున్నాను.
మూడూ నాలుగూ ఇంకా కొట్టుకుంటున్నాయి,
నిన్న అర్ధరాత్రి లేచి మళ్ళీ తారుమారు చేశాను.
ఐదోది, గ్రసియెలా పెట్టె సర్దుకుని వెళ్ళిన వారం విన్నది.
మంచిదో కాదో నాకు తెలీదు.
ఉండనీ.

పదో అంకె దగ్గరే ఏటేటా పెన్సిలు ఆగేది.
లోపలికి రానివ్వనివన్నీ
ఆ గుమ్మంలోంచే తొంగిచూస్తాయి.
ఈసారి అక్కడొక క్యాసెట్టు.
నలభై తీశారట, నాది ఇరవై ఏడోది,
పైన చేత్తో రాసిన అంకె.
చేపల మార్కెట్లో మంచుగడ్డలు కొట్టే పిల్ల, మిలెన్కా,
గొంతు మోగుతుందని స్నానాల గదిలో పాడింది.
మూడో పాటలో కుక్క మొరుగుతుంది.
నాలుగో పాటలో తమ్ముడెవడో తలుపు బాది
"ఇంకా ఎంతసేపు?" అంటాడు.
ఆ ఎంతసేపు సరిగ్గా తాళం మీద పడుతుంది.
దానికి నేను చెవి కోసుకుంటాను.

ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం
బకెట్టుతో, చేప వాసనతో పైకొచ్చింది.
అద్దానికి ముక్కు ఆనించి చదివింది.
"పదా?"
పైన ఎవరెవరున్నారో చూశావా అన్నాను.
"వాళ్ళెవరూ మీ లిఫ్టు ఎక్కరుగా."
చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించాను.
"పోనీ, మా అమ్మ ఎలా పాడింది?"
ఏ అమ్మ?
"ఎడమవైపు. మొదటి పాట నుంచీ ఉంది.
తొట్టి అంచున కూర్చుని, కింది స్వరం."

ఏం చెప్పను.
ఈ ఉద్యోగంలో కుడి చెవి పాటది,
ఎడమ చెవి గంటది.
కింద ఎవరో గంట కొడితేనే పెట్టె కదలాలి,
వినకపోతే తలుపు మధ్య ఎవరి వేలో ఉంటుంది.
ఆ పిల్ల నన్ను చూసి
నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి
నవ్వకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి తాళం వేశాక, మోటారు చల్లారాక
రెండు చెవులకీ పెట్టుకున్నాను.
ఉంది.
లావుపాటి గొంతు, అలిసిన గొంతు,
కూతురు ఊపిరి అందక తడబడ్డ చోటల్లా
కింద నిచ్చెన పట్టుకున్నట్టు.
ఒకచోట దగ్గింది కూడా.

జాబితా చింపలేదు.
ముసలాయన వానకి ఎడమ పక్క ఏముందో,
ఐదోదాన్లో నేను విననిదేమిటో,
పంతొమ్మిదేళ్ళవి మళ్ళీ వినే ఓపిక ఎక్కడిది.
పెన్సిలు చెక్కి, పైన రాశాను:
*ఈ ఏటి పది, కుడి చెవికి.*
అడుగున కాస్త చోటు మిగిలితే
*ఎడమ చెవికి:
ఒకటి, గంట.
రెండు, మిలెన్కా వాళ్ళమ్మ.*