ఐదో చోటు

మధ్యాహ్నం రెండున్నరకు పాట పడుతదని
ల్యాబ్ రికార్డులు బ్యాగులనే కుక్కి
సుబేదారి హాస్టల్ డాబా మీద
ఒక్క ఫోనుకు నాలుగు తలలం.
నీళ్ల ట్యాంకు నీడ ఎంతుందో
మేమూ అంతే ఉన్నం.

రెండేండ్లాయె వాళ్లు కనబడక.
సియోల్‌ల ఏం గొడవైందో, ఎవరి మీద ఎవరు అలిగిన్రో
మాకేం ఎరుక?
మనోళ్లయితే గడప దాటుతూ పోయొస్త అంటరు,
ఉత్తగ పోత అంటే అమ్మ నోటి మీద కొడ్తది.
వాళ్లు ఏ మాటా అనకుండనే పోయిన్రు.

ఇగో, ఇప్పుడొచ్చిన్రు.
వెండి బూట్లు, నారింజ జుట్టు,
మనం ఒప్పుకోకముందే కాలిని లేపే దెబ్బ.
కొరియా ముక్క ఒక్కటి రాకున్నా
షాహిస్తా పెదవులు అచ్చం కలుస్తయి.
మా తండాల తీజ్‌కు గిట్లనే ఎగురుతం,
బూట్లే తక్కువ, అన్నది చిట్టి.

రెండోసారి చూస్తుంటే నవనీత లెక్కపెట్టింది.
నలుగురే.
ఎడమ పక్క నిలబడి
పాట మొత్తంల ఒక్క చరణం పాడే పిల్ల, లేదు.
ఆమె చోటు కంటికి ఆనకుండ
నలుగురూ కొంచెం కొంచెం జరిగిన్రు.
ఎంత బాగ జరిగిన్రంటే
ఎన్నడూ ఐదుగురు లేరన్నట్టే.

మేమెవ్వరం సుగుణ పేరు ఎత్తలే.

సుగుణ మంచం మీద ఇప్పుడు మా బకెట్లుంటయి.
ఫీజు పైసలు రాక, సర్టిఫికెట్లు ఆఫీసులనే ఇడిసి
జనవరిల తాడ్వాయి బస్సెక్కింది.
కిటికీల నుంచి పోయొస్తనే అని మాత్రం
కండక్టర్ తిరిగి చూసేంత గట్టిగ అరిచింది.

పొద్దుగూకినంక మేం ఎగిరినం.
ఆరేసిన చున్నీల నడుమ,
కాజీపేట దిక్కు రైలు కూత పాటల పడి
లెక్క తప్పి, మళ్ల మొదటినుంచి.
నేర్చుకున్నది నలుగురి స్టెప్పులే.
కానీ ఎడమ పక్క
ఒక మనిషి పట్టేంత జాగ ఎవ్వరం తొక్కలే.
అటు తిరిగినప్పుడల్లా చిట్టి
ఎవరికో తగులుతదన్నట్టు మోచెయ్యి ముడుచుకున్నది.

వీడియో పంపినం.
మిరప చేన్ల సిగ్నల్ ఉండదు,
రాత్రి తొమ్మిది దాటినంక నీలి గీతలు పడ్డయి.
ఏదో రాస్తున్నది, ఆగింది, మళ్ల రాస్తున్నది.
మేం నలుగురం ఊపిరి పట్టుకోని చూస్తుంటే
వచ్చింది ఒక్కటే ముక్క:

షాహిస్తా, నీ ఎడమ కాలు ఆలస్యం.