పద్దెనిమిది మిల్లీమీటర్లు

లేతు ఆపినా
చప్పుడు ఆగలేదు.
బెల్టు అనుకున్నా. బేరింగ్ అనుకున్నా.
పక్క షెడ్డులో లారీ బాడీ కట్టేవాళ్ల గ్రైండర్ అనుకున్నా.
ఆదివారం, ఆటోనగర్ మొత్తం షట్టర్లు దించుకున్న పూట,
చర్చిలో అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ఉన్నప్పుడు
ఎడమ చెవిలో మిషను తిరుగుతూనే ఉంది.

సూర్యారావుపేటలో డాక్టరమ్మ
ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది.
వినికిడి నరం మీద, రేగ్గాయంత, తెల్లగా.
"క్యాన్సర్ కాదు, మంచి గడ్డే" అంది.
ముప్పై ఏళ్లలో నాకెవరూ
మంచి తుప్పు చూపించలేదు.

"ఎంతుంది మేడం?"
"పద్దెనిమిది మిల్లీమీటర్లు."
హమ్మయ్య, నాకు తెలిసిన భాషలో ఒక్క మాట.

దారులు మూడట.
చెవి వెనక ఎముక కోసి తీయడం:
ముఖాన్ని కదిపే నరం దాని ఒంటికి అతుక్కునే ఉంది,
మూతి వంకరపోవచ్చు.
చూస్తూ కూర్చోవడం:
ఆర్నెల్లకోసారి స్కానింగ్, మధ్యలో భయం ఉచితం.
మూడోది రేడియేషన్.
కోత లేదు, రక్తం లేదు, సాయంత్రానికి ఇంటికి.
గడ్డ మాత్రం ఎక్కడికీ పోదు.
పెరగడం మానేస్తుంది, నూటికి తొంభై మందికి.
"మిగతావాళ్లకి?" అని మార్తమ్మ అడిగింది.
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది.

తలకి నాలుగు స్క్రూలతో చట్రం బిగిస్తారట.
కదలకూడదట, వెంట్రుకవాసి కూడా.
నాకు నవ్వొచ్చింది.
నాలుగు దవడల చక్‌లో ఎన్ని షాఫ్టులు బిగించానో,
సెంటరు కుదిరేదాకా డయల్ ముల్లు చూస్తూ
ఎంత బతిమాలానో ఒక్కో ఇనుముని.
ఇప్పుడు జాబు నేను.
టూలు కనపడదు,
ఒక్క తురుము రాలదు.

రెండు వందల చిన్న కిరణాలట,
విడివిడిగా ఏదీ ఏమీ చేయదట,
అన్నీ కలిసిన చోటే పని.
మా లైన్లో ప్రెస్సు కింద సైదులు వేళ్లు రెండు పోయినప్పుడు
షెడ్డుకి యాభై చొప్పున వేశాం.
ఎవరి జేబుకీ తెలియలేదు,
వాడింట్లో మూడు నెలలు పొయ్యి వెలిగింది.
అట్లాంటిదేనా అని అడగబోయి ఆగా.
ఇది వెలిగించడానికి కాదుగా.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక
ఇత్తడి ముక్క ఒకటి చక్‌కి కట్టి
పద్దెనిమిదికి గుండు తీశా.
వెర్నియర్ పెట్టి చూశా, ఎమరీ పేపరుతో మెరుగు పెట్టా.
అరచేతిలో ఏమంత బరువూ లేదు.
హెప్సిబా క్యారేజీ తెచ్చి, చూసి,
"ఏ బండి పార్టు నాన్నా?" అంది.
"నాదే" అన్నా.

అసలు లెక్క ఇంకోటుంది, ఎవరికీ చెప్పలేదు.
ఎడమ చెవి పూర్తిగా పోలేదు.
హోరు అవతల, ఏలూరు కాలవకి అవతలి గట్టున
ఎవరో పిలిచినంత, మిగిలింది.
రేడియేషన్ తర్వాత కొన్నేళ్లలో
అదీ మెల్లగా పోవచ్చన్నారు.
పోతే పోనీ, మిషన్ల మధ్య బతికేవాడికి
ఒక చెవి చాలదా అనుకున్నా.

కానీ రాత్రుళ్లు
నేను నిద్రపోయాననుకుని, అది చెవిటి చెవి అనుకుని
మార్తమ్మ దాన్లో ప్రార్థన చేస్తుంది.
దేవుడికి చెప్పేవి కొన్ని, దేవుణ్ని నిలదీసేవి కొన్ని,
పెళ్లయిన కొత్తలో నేనన్న మాట ఒకటి,
నేను మర్చిపోయి, తను ఇరవై రెండేళ్లు మోసింది.
కుడి చెవికి ఎప్పుడూ చెప్పనివి.

సోమవారానికి సంతకం పెట్టాలి.
కాగితం ఎగరకుండా ఇత్తడి గుండు పెట్టా.
అది దొర్లిపోతుంటే గుడ్డపీలిక అడ్డం పెట్టా.

ఈ రాత్రికి మాత్రం
మంచి చెవిని దిండులోకి అదిమి పడుకున్నా.
బందరు రోడ్డు లారీలు, ఫ్యాను, కుక్కలు
అన్నీ ఆగిపోయాయి.
హోరు.
హోరు అవతల
ఆమె గొంతు సవరించుకుంది.