చిల్లర

పంటు మీద టికెట్లు కోస్తాను నేను.
మనిషికి పది, మోటారుసైకిలుకి ఇరవై,
మేకకి ఎంతో ఎప్పుడూ మర్చిపోతాను.
వంద నోటిచ్చి "ఇద్దరం, బండొకటి" అంటే
సగం గోదారి దాటేదాకా
నా వేళ్ల మధ్యే నలుగుతూ ఉంటుంది ఆ నోటు.
"ఏరా పాదం, నిద్రపోయావా?" అంటారు సరంగు వీర్రాజు గారు.
నిద్ర కాదండి. వస్తోంది. లెక్క వస్తోంది.
అవతలి రేవులో బయల్దేరింది,
ఎదురుగాలి.

మొన్న కాకినాడ పెద్దాసుపత్రికి పిలిచారు,
తల ఫొటో తీస్తామని, పదకొండు మందిని.
అందరికీ పుట్టుకతోనే ఉంది. అందరికీ పద్ధెనిమిది దాటాయి.
మొలతాడుకున్న తాళంచెవి తీయించి
సొరంగంలోకి తోశారు.
లోపల, ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద
రొయ్యల పెట్టెలు ఎత్తి కుదేసినట్టు ఒకటే చప్పుడు.
కదలొద్దన్నారు.
నేను కదలను.
అమ్మ దగ్గు ఆగి కాస్త కునుకు పట్టేదాకా
పక్కలో కర్రలా పడుకోవడం
నాలుగేళ్లప్పుడే వచ్చు నాకు.

డాక్టరమ్మ తెర మీద చూపించింది.
మొలకొచ్చిన కాయ పగలగొడితే
లోపల కొబ్బరి పువ్వుంటుందే, అలా ఉంది నా తల.
"ఇదిగో, ఈ పై పొర ఇక్కడ కాస్త పల్చన.
ఈ తెల్లటి దారులు కబుర్లు మోసేవి,
అక్కడక్కడ చెదిరాయి.
ఇప్పుడు రక్తంలో కనపడట్లేదు, చాలా మంచిది.
కానీ మందు మొదలెట్టేసరికే నీకు ఏడేళ్లు.
ఆ ఏడేళ్లలో..."
అని ఆగి, నీళ్లు తాగి,
"నీ తప్పు కాదు" అంది.
నేను అడగలేదు.

నేనడిగింది వేరే.
తొమ్మిదో ఎక్కం రానిది దీనివల్లేనాండి?
సత్తిరాజు మేష్టారి బెత్తం నా చేతి మీద విరిగినరోజు
దీనివల్లేనాండి?
"చెప్పలేం. కొంత ఇదీ. కొంత అమ్మ లేకపోవడం,
తిండి, బడి మానెయ్యడం. విడదీసి చూడ్డం కష్టం."
ఆయ్, గోదారిలో చెంబు ముంచి
ఇది ఏ ఊరి వానో చెప్పమంటే ఎలా, అన్నాను.
ఆవిడ రాసుకుంది.
నా మాట ఒకరు కాయితం మీద పెట్టడం
అదే మొదలు.

ఇంటికొచ్చి మామ్మతో అన్నాను, "పల్చనయిందంట."
"లంకా పల్చనయింది" అంది మామ్మ, చేపలు తోముతూ.
"మీ తాత పాతిన ఇరవై చెట్లూ ఏట్లోనే ఉన్నాయి.
అయితే దీన్ని ఊరనడం మానేశారా ఎవరైనా?"
రాత్రి నూనె రాస్తూ
చాలాసేపు వేళ్లతో వెతికింది నా మాడు,
ఆ పల్చన ఎక్కడుందో అని.

అమ్మ ఇచ్చినవి రెండే నాకు.
ఒకటి రక్తంలో కనపడకుండా దాక్కుంది.
రెండోది ఈ ముక్కు.

తొమ్మిదింటికి బిళ్ల మాత్రం మర్చిపోను.
ఫోను చచ్చిపోయినా ఆఖరి పంటు కూత ఉంది.
పేర్లు మర్చిపోతాను, తారీకులు,
కిళ్లీకొట్టులో ఎందుకు నిలబడ్డానో కూడా.
కానీ వరద తీశాక
నీళ్ల మీద ముడత చూసి
ఇసుక మేట ఎక్కడ లేచిందో చెప్తాను.
చెయ్యెత్తితే చాలు,
ముప్పై ఏళ్ల సరంగు మారుమాట లేకుండా చుక్కాని తిప్పుతారు.
ఆ సంగతి ఉండే చోటు
తెర మీద ఎక్కడో అడగలేదు.
మళ్లీ పిలిస్తే అడగాలి. మామ్మకి చెప్పి ఉంచాను,
నేను మర్చిపోతే గుర్తుచెయ్యమని.

రేవొచ్చింది. తలుపు దించారు, గొలుసు గలగలమంది.
బండాయన కిక్కు కొట్టాడు, వెనకావిడ చీర సర్దుకుంది.
"అరవై!" అన్నాను.
ఆయన నా మొహం చూశాడు.
ఎవరో చెప్పే ఉంటారు.
"ఉంచుకో బాబూ" అన్నాడు మెత్తగా.

వద్దండి.
తీసుకోండి.
చాలా దూరం నుంచి వచ్చిందది.