పంకా తాడు

రాజ్‌విహార్ దగ్గర పాత పుస్తకాల కుప్పలో
డెబ్భై రూపాయలకు దొరికిందీ డబ్బా.
మూత మీద ఎవరిదో పాప చేతిరాత:
ఐదు వందల ముక్కలు, నేనే లెక్కపెట్టినాను.
ఆ మాట నమ్మి కొన్నాను.

ఏప్రిల్ నెల. కర్నూలు.
తుంగభద్రలో బండలు తేలి
హంద్రీ ఒట్టి ఇసుకై పడుకున్నప్పుడు
రెండింటికి కరెంటు పోతే
బుధవారపేట మొత్తం గడపల్లోకొచ్చి కూర్చుంటుంది.
ఎదురింటి ఖాసింబీ తన గడప వదిలి మా గడపకొస్తుంది,
మా బేతంచెర్ల బండలు చల్లగుంటాయని.

క్యారమ్ బోర్డు తిరగేసి ముక్కలు పరిచినాం.
ఆమెకు చదువు రాదు గానీ ముక్కలొచ్చు.
నలభై ఏండ్లు బొంతలు కుట్టిన చేయి,
ఏ పేలిక ఏ పేలికను అడుగుతుందో
కంటి కంటే ముందు వేలికొసకు తెలుస్తుంది.

మూడో రోజుకు బల్ల కుదిరింది.
బల్ల చుట్టూ ముగ్గురు దొరలు,
గుమ్మడికాయలకు గుండీలు పెట్టినట్టు.
ఒకడి నెత్తి మీది సవరం జారి సూపులో పడింది.
ఒకడు కత్తి పట్టి కోస్తున్నది
కేకు కాదు, దేశపటం.
వాడి వాటాలోంచి ఒక నది కారి
పక్కవాడి ఒళ్ళో పడుతోంది.
మూడోవాడు బల్ల కింద ఒక రాష్ట్రాన్ని
బూటుతో తొక్కిపెట్టినాడు,
ఎవరూ చూడలేదనుకొని.

రెండు వందల ఏండ్ల కింద
వాళ్ళ ఊర్లోనే ఎవడో గీసి
అంగడి అద్దంలో వేలాడదీసిన ఎగతాళి అంట.
డబ్బా పక్కన చిన్నక్షరాలు చదివి చెప్పినాను.
"వాళ్ళోడే వాళ్ళను గీసినాడా? భలేటోడు!"
పడిపడి నవ్వింది ఖాసింబీ
వక్కపలుకు గొంతుకు అడ్డం పడేదాకా.
సవరం ముక్క దొరికిన రోజు
వీధినంతా పిలిచి చూపించింది.
గ్యాసు బండలు మోసే ఈరన్న
భుజం మీది బండ దించకుండానే వంగి చూసి
"ఈ నడిమోడు మా ఏజెన్సీ ఓనరే" అన్నాడు.

ఆఖరుకు మిగిలింది పైన ఎడమ మూల.
అంతా బెల్లంరంగు చీకటి,
ఏ ముక్కా ఏ ముక్కకూ పోలిక చెప్పదు.
ఆరు మధ్యాహ్నాలు తిన్నదా మూల.
ఆ చీకట్లో, ఒకే ఒక్క ముక్కలో, ఒక మనిషి.
గోడకు ఆనుకొని, మొలకు గుడ్డ, చేతిలో తాడు.
తాడు పక్క ముక్కలోకి పోయి, పైకి పాకి
దొరల నెత్తిన పంకా అయింది.

దొరలకు మొటిమలు గూడా లెక్కపెట్టి గీసినోడు
ఇతనికి ముక్కు పెట్టలేదు.
నోరు లేదు.
కండ్లని రెండు చుక్కలు,
మిగతాదంతా సిరా.

నవ్వు ఆపేసింది ఖాసింబీ.
"తాడు చేత్తో లాగరు నాయనా, చేయి పీకుతుంది.
కాలి బొటనవేలికి కట్టుకొని పండుకొని లాగుతారు.
మా దాదా జిల్లా కోర్టులో లాగినాడు.
గుసుల్ చేసేటప్పుడు గూడా ఆ వేలు
పక్కకే తిరిగి ఉండిందంట, ఎంత సరిచేసినా."
కొంచెంసేపు ఊరుకొని, మళ్ళీ:
"గీసినోడు పంకా కింద కూచున్నోడే.
లాగినోడు కాదు."

నేనేమీ అనలేదు.
ఎగతాళి ముగ్గురి మీదనే.
నాలుగోవాడు
ఎగతాళిలో గూడా పనిలోనే ఉన్నాడు.

ఐదింటికి కరెంటొచ్చింది.
మా ఫ్యాను కిర్రుమని మొదలైంది.
ఖాసింబీ పైకి చూసింది, కిందికి చూసింది,
చిటికెన గోటితో ఆ ఒక్క ముక్కను లేపి
వక్కాకు సంచిలో వేసుకొని
దారం బిగించి లేచింది.
"పోసుకోనీ చెమట్లు."

ఇప్పుడా పటం మా గోడకుంది.
వాళ్ళు అట్లే కోస్తున్నారు, తొక్కిపెడుతున్నారు,
తెగిన తాడు గాల్లో ఆగిపోయి ఉంది.
వచ్చినోళ్ళంతా మూలకే వేలు చూపి అడుగుతారు,
ముక్క పోయిందా అని.

పోలేదు, అంటాను.
పని మానేసి ఇంటికి పోయినాడు.